బెల్టు జారుతుంటే బిగించాను

కొబ్బరి మట్టల మిషను నడిపిన మొదటి రోజే బాబాయి చెప్పాడు. "అబ్బాయ్, రబ్బరు మాడిన వాసనొస్తంది, చూసుకో" అని. సొంత బాబాయి కాదు, ఊరి వరస. మా నాన్న హయాం నుంచీ మా తోటలో చేస్తున్న మనిషి. నేను ట్రాక్టరు దిగి, స్పానరు తీసి, బెల్టులు ఇంకాస్త బిగించి, "ఇక పోతుందిలే బాబాయ్" అన్నాను. ఆ వాసన ఎందుకొస్తోందని ఆ రోజు అడిగి ఉంటే నేనివాళ ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

నాగాయలంక దగ్గర మాకు రెండెకరాల కొబ్బరి తోట ఉంది. 1977 నవంబర్ 19 ఉప్పెనలో పాత తోట పోయాక నాన్న మళ్లీ వేసిన చెట్లు, 140 దాకా ఉంటాయి. కాపు చెట్టు ఏడాదికి పన్నెండు మట్టలైనా రాలుస్తుంది. లెక్కేస్తే తోట మొత్తం మీద 1,700 మట్టలు. ఒకప్పుడు ఇదంతా ఆస్తే. ఆకు పాకల మీదికి, ఈనెలు చీపుర్లకి, మట్ట మొదళ్లు పొయ్యిలోకి పోయేవి. ఇప్పుడు పాకలు డాబాలయ్యాయి, ఇంటింటా గ్యాసు. మట్టలు కుప్పలు పడి కుళ్లుతుంటే అందులో కొమ్ము పురుగు గుడ్లు పెట్టి, తిరిగి మన చెట్టు మొవ్వులోకే చేరుతుంది. అలాగని తగలబెడితే నేలకి చేరాల్సింది గాల్లో కలిసిపోతుంది. ముక్కలు చేసి పాదుల్లో పరిస్తే తేమ నిలుస్తుంది, నెమ్మదిగా ఎరువవుతుంది. చాన్నాళ్లుగా ఈ ఆలోచన ఉన్నా, 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటి వెళ్లాక తోటలో పడ్డ మట్టలు చూసి, ఇక మిషను కొనాల్సిందే అనుకున్నాను.

గుడివాడ వైపు ఒకరి తోటలో మోటారు మీద నడిచి, పక్కన పడి ఉన్న పాత మిషను దొరికింది. లోపల కత్తులు బిగించిన డ్రమ్ము, ఒక పక్కన బరువైన చక్రం. మా తోటలో త్రీఫేజు కరెంటు లేదు. ఉన్నది 18 హెచ్‌పీ చిన్న ట్రాక్టరు. ఇంజను బలాన్ని బయటి మిషన్లకి అందించే దాని పీటీఓ షాఫ్టుకి ఒక పుల్లీ, మిషనుకి ఒక పుల్లీ, మధ్యలో రెండు బెల్టులు. ఇంతే కదా అనుకున్నాను. పంపుసెట్లకి, నూర్పిడి మిషన్లకి బెల్టులు వేసిన చెయ్యే నాది.

పుల్లీల దగ్గరే మొదటి తప్పు జరిగింది. పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. మట్ట గట్టిది కాబట్టి డ్రమ్ము ఎంత వేగంగా తిరిగితే అంత బాగా కొడుతుందని, ట్రాక్టరు వైపు 12 అంగుళాల పుల్లీ, మిషను వైపు 4 అంగుళాల పుల్లీ వేయించాను. అంటే 1,620 చుట్లు. మిషనుకి ఎంత వేగం కావాలో చెప్పే రేకు దాని ఒంటి మీదే ఉంది. రంగు కింద ఉంది కాబట్టి నేను చూడలేదు. గోకి చూడాలని కూడా తోచలేదు.

రెండో తప్పు తిరిగే దిక్కు. మోటారైతే రెండు వైర్లు మారిస్తే ఎదురు తిరుగుతుంది. ట్రాక్టరు పీటీఓ వెనక నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగినట్టే తిరుగుతుంది, దాన్ని మార్చలేం. మొదటిసారి ఆన్ చేస్తే కత్తులు మట్టని లోపలికి లాగకుండా బయటికి తన్నాయి. దాంతో మిషనును అటుది ఇటు తిప్పి బిగించి, ట్రాక్టరు వైపు పుల్లీని మోసే షాఫ్టు పొడవు పెంచాను. పని జరిగింది. కానీ ట్రాక్టరు వైపు ఉండాల్సిన పుల్లీలు వెనక్కి వచ్చాయి. మట్టలు అందించే మనిషి నిలబడే చోటికి, సరిగ్గా అతని మోకాలి ఎత్తుకి. పుల్లీలని మూసే పాత రేకు డిప్ప ఆ వైపు సరిపోలేదు. "ముందు నడవనీ, డిప్ప తర్వాత చేయిద్దాం" అని దాన్ని పాకలో పడేశాను.

తర్వాత రెండు వారాలు బెల్టుతో నా పోరు సాగింది. లావు మొదలు పడితే చాలు కీచుమని అరిచేది, ఆ వెంటనే వాసన. విప్పి చూస్తే బెల్టు పక్కలు అద్దంలా మెరుస్తున్నాయి. వి-బెల్టు పుల్లీ గాడి అడుగున కూర్చోదు, రెండు పక్క గోడల్నీ ఒరుసుకుని పట్టుకుంటుంది. ఆ పక్కలు నున్నబడ్డాయంటే ఇక దానికి పట్టు లేనట్టే. నాలుగంగుళాల చిన్న పుల్లీ మీద ఆ బెల్టుకి ఆనే చోటే తక్కువ, పైగా మలుపు మరీ ఇరుకు. నేను ఇవేమీ చూడలేదు. జారుతోంది, బిగించాలి, అంతే. ఒకటి తెగితే ఒకటే కొత్తది వేశాను. సాగిపోయిన పాతది ఊరికే తిరుగుతుంటే, బరువంతా కొత్తదాని మీదే పడి అదీ నాలుగు రోజుల్లో పోయింది. చివరికి గడ్డపలుగు పెట్టి మిషనును వెనక్కి తన్ని బిగించాను. అరుపు ఆగింది. ఆ సాయంత్రానికి బేరింగు చెయ్యి పెట్టలేనంత కాలి, గ్రీజు నల్లగా కారింది. బాబాయి మళ్లీ అన్నాడు, "ఇందాకటిదాకా బెల్టు ఏడ్చింది, ఇప్పుడు ఇది ఏడుస్తంది" అని. ఆయన రెండోసారి చెప్పింది కూడా నేను దాటేశాను.

మర్నాడు పొద్దున పదింటప్పుడు, బాబాయి ఒక మట్ట లోపలికి తోసి ఇంకోదాని కోసం వంగాడు. భుజం మీది తువ్వాలు కొంగు జారి, కింది బెల్టు పుల్లీలోకి వెళ్లేచోట పడింది. ఆయన ముందుకి తూలడం చూశాను. క్లచ్ తొక్కాను. ఇంజనుకీ డ్రమ్ముకీ లంకె తెగింది, కానీ డ్రమ్ము ఆగలేదు. బరువు చక్రం ఊపు మీద తిరుగుతూనే, తువ్వాలును గుంజి షాఫ్టుకి చుడుతూనే ఉంది. తువ్వాలు ఆయన భుజం మీద ఊరికే వేసుకున్నది కాబట్టి జారి వెళ్లిపోయింది. నడుముకి బిగించి కట్టుకుని ఉంటే? పని రోజుల్లో ఆయన ఎప్పుడూ అలాగే కట్టుకుంటాడు. ఆ రోజు ఎండ లేదు, చలికని భుజాన వేసుకున్నాడు.

ఆయన వెనక్కి కూలబడి, కుడిచెయ్యి ఎత్తి వేళ్లు చూసుకున్నాడు. తర్వాత నా వైపు చూశాడు. ఒక్క మాటా అనలేదు. ఆ చూపు కింద నేను నిలబడలేకపోయాను. మెడ మీద తువ్వాలు ఒరుసుకున్న ఎర్రటి గీత వారం దాకా ఉంది. షాఫ్టుకి చుట్టుకున్న గుడ్డ కత్తితో కోస్తే గానీ రాలేదు. గట్టిగా పేనిన తాడులా అయింది.

ఆ పూటే బెల్టులు కోసి పడేశాను. మిషను ఆటోలో వేసుకుని చల్లపల్లి, పామర్రు మీదుగా గుడివాడలో ఒక లేత్‌కి తీసుకెళ్లాను. లేత్ పెద్దాయన ముందు అడిగింది ఒకటే: "దీని రేకు మీద ఏముందండీ?" బ్లేడుతో రంగు గోకాడు. 7.5 హెచ్‌పీ, 1440 ఆర్‌పీఎం. ఆ అక్షరాలు చూస్తుంటే నాకు కడుపులో తిప్పింది. ఏడున్నర గుర్రాల మిషనుకి పద్దెనిమిది గుర్రాల ట్రాక్టరు కట్టాను. దాని ఒంటికి మించిన బలం లోపలికి పోకుండా మధ్యలో ఆపుతున్నది జారుతున్న ఆ బెల్టు ఒక్కటే. దాని నోరు గడ్డపలుగు పెట్టి నొక్కాను.

ట్రాక్టరు వైపు 16 అంగుళాలు, మిషను వైపు 6 అంగుళాలు వేశాం. 540ని 16తో గుణించి 6తో భాగిస్తే సరిగ్గా 1440. బెల్టులు రెండు కాదు మూడు, ఒకేసారి కొన్నవి. రెండు పుల్లీల అంచులకీ పురికొస లాగి పట్టి చూశాం. దారం నాలుగు చోట్లా తాకే దాకా మిషనును జరిపాం. పుల్లీల మధ్య బెల్టు రెండడుగులుంటుంది. దాని మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు సెంటీమీటరు దిగాలి, అంతకు మించి బిగించకూడదు. గ్రీజు కొత్తది. డిప్ప మాత్రం బెల్టుల కంటే ముందే చేయించాను. పుల్లీల రెండు వైపులూ, కిందా పైనా మూసే రేకు, బోల్టులతో. డిప్ప లేనిదే బెల్టు ఎక్కించనని ఆ పెద్దాయన అన్నాడు. ఆ మాట ముందు నేననుకోవాల్సింది.

బాబాయి మళ్లీ పనిలోకి వచ్చినప్పుడు, ఆ వైపు నిలబడమని నేను చెప్పలేదు. మట్టలు నేనే అందిస్తున్నాను, ఆయన ట్రాక్టరు దగ్గర ఉంటాడు. ఇప్పుడు క్లచ్ ఆయన కాలి కింద ఉంది. ఇంజను ఆపాక డ్రమ్ము పూర్తిగా నిలిచే దాకా ఎవరం మూత ముట్టుకోం. చక్రానికి తెల్ల రంగుతో ఒక గీత పెట్టాను, అది నిలిస్తేనే నిలిచినట్టు.

మొన్న ఒక తడి మట్ట మొదలు అడ్డుపడి బెల్టు కీచుమంది. నా చెయ్యి అలవాటుగా స్పానరు పెట్టె వైపు వెళ్లింది. అప్పటికే బాబాయి క్లచ్ తొక్కేశాడు. ఇద్దరం నిలబడి, తెల్ల గీత ఆగేదాకా చూశాం.