గండిపేటకి ఆరుగురం

ఆదివారం గండిపేట వెళ్దామనుకున్నాం, ఆరుగురు ఆడవాళ్ళం. 1908 మూసీ వరదల తర్వాత కట్టి, 1920లో పూర్తిచేసిన చెరువు. హైదరాబాదులోనే పుట్టి పెరిగి, యాభై ఏళ్ళు దాటినా దాని ఒడ్డున తీరిగ్గా కూచున్నది లేదు.

పులిహోర ఎవరు తేవాలో రెండు నిమిషాల్లో తేలింది. బాత్‌రూం సంగతి దగ్గరే గంట గడిచింది. దారిలో పెట్రోలు బంకులు లెక్కపెట్టుకున్నాం. "పొద్దుట్నించీ నీళ్ళు తాగకపోతే సరి" అంది వదిన. నీళ్ళు చూడ్డానికి వెళ్తూ నీళ్ళు మానెయ్యడమా! నవ్వాం గానీ, బళ్ళో, బస్సులో, ఆఫీసులో ఇన్నేళ్ళూ చేసిందదే.

చీకటి పడకముందే వచ్చెయ్యాలంది ఇంకో స్నేహితురాలు. సూర్యాస్తమయం చూద్దామనే కదా వెళ్ళేది! తోడొస్తానన్న మా ఆయన్ని వద్దన్నాను. ఏడున్నరదాకా వ్యాను మాట్లాడాం. బాత్‌రూం సంగతి మాత్రం ఇంకా తేలలేదు.