పొట్టు పొయ్యికి బుర్ర

మా అబ్బాయి అమెరికా నుంచి ఫోనులో వాళ్ల పెరట్లోని కొత్త వంటమిషను చూపించాడు. నల్లటి ఇనప్పెట్టె, కింద చక్రాలు, పక్కన ఒక తొట్టి. పేరు పెల్లెట్ గ్రిల్లట. తొట్టి నిండా చెక్క గుళికలు. రంపపు పొట్టుని గట్టిగా అదిమి చేస్తారట వాటిని. జిగురు కూడా వెయ్యరట. ఆ ఒత్తిడికీ వేడికీ కర్రలో ఉండే లిగ్నిన్ మెత్తబడి తనంతట తనే అంటుకుంటుందట.

నా భుజం మీంచి తొంగి చూస్తున్న మా అత్తమ్మ, "ఓస్, ఇది మన పొట్టు పొయ్యే గదా!" అంది.

గ్యాసు వచ్చాక పుట్టినవాళ్లకి పొట్టు పొయ్యి అంటే చెప్పాలి కాబోలు. ఒక పాత ఇనప డబ్బా, కింద పక్కకి ఒక కంత. డబ్బా నడుమ రోకలి ముక్క నిలబెట్టి, కంతలోంచి ఇంకో కర్ర దూర్చి, చుట్టూ రంపపు పొట్టు కూరాలి. కూరాక రెండు కర్రలూ మెల్లిగా తిప్పుతూ లాగేస్తే లోపల సొరంగంలా దారి పడుతుంది. కంతలో సన్న కట్టె పెట్టి అంటిస్తే గంటల తరబడి సెగ. కట్టె లోపలికి తోస్తే మంట, వెనక్కి లాగితే నివురు. భద్రాచలంలో మా ఇంటికి దగ్గర్లోనే కర్రల అడితీ, సామిల్లూ ఉండడంతో పొట్టుకి లోటు లేదు.

కూరడం నా వంతు. వదులుగా కూరితే కూలిపోతుంది, మరీ బిగిస్తే ఊపిరాడక ఆరిపోతుంది. కొత్త కోడలిగా ఉన్నప్పుడు ఒక శ్రీరామనవమికి, కల్యాణానికొచ్చిన చుట్టాలు ఇంటినిండా ఉండగా, పప్పు సగం ఉడికేసరికి లోపల పొట్టంతా కుప్పకూలింది. ఇల్లంతా పొగ. వచ్చినవాళ్లు నేను ఏడుస్తున్నాననుకుని ఓదార్చారు. నిజంగానే ఏడ్చానేమో, ఆ పొగలో ఎవరికి తెలుస్తుంది?

మావాడి మిషనుకి ఆ బాధ లేదు. 1980లలో ఆరెగన్ రాష్ట్రంలో జో ట్రేగర్ అనే ఆయన మొదలుపెట్టాడట దీన్ని. తొట్టిలోంచి ఒక మర తిరుగుతూ గుళికల్ని కొద్దికొద్దిగా నిప్పులోకి తోస్తుంది, ఫ్యాను గాలి ఊదుతుంది. అంటే నా చెయ్యీ, నా ఊదుడు గొట్టమూ అన్నమాట. ఎప్పుడు తోయాలో, ఎంత ఊదాలో చెప్పే బుర్ర ఒకటి వేరే. పాతరకం బుర్ర లెక్కపెట్టుకుని తోస్తుందేగాని వేడి సంగతి అంతగా పట్టించుకోదట. ఒకసారి మాడ్చడం, ఒకసారి చల్లార్చడం. అందుకని మావాడు బోలెడు డబ్బు పోసి కొత్త బుర్ర వేయించాడు. అది క్షణక్షణం వేడి చూసుకుంటూ, నాలుగైదు డిగ్రీల తేడా కూడా రానివ్వదట.

అంతా బాగానే ఉంది. కాని కోడికి పొగరుచి పోయింది!

"నాయనమ్మా, ఏం చెయ్యాలి?" అని దిగులుగా అడిగాడు.

"మంచిగ మండితే పొగేడ ఉంటదిరా? కమిలితేనే పొగ" అంది అత్తమ్మ.

తర్వాత వాడే వెతుక్కుని చెప్పాడు, అదే కారణమట. నిలకడగా, శుభ్రంగా మండితే పొగ తగ్గుతుంది. వాళ్ల లెక్కలో 225, మన లెక్కలో సుమారు 107 డిగ్రీల దగ్గర మెల్లిగా కాగుతున్నప్పుడే ఎక్కువ పొగ. ఇప్పుడు చిల్లుల గొట్టంలో గుళికలు నింపి, ఒక కొస అంటించి ఆ పెట్టెలో పడేస్తున్నాడు. మంట లేకుండా కమిలి, పొగ పెడుతుందట. గుళికల్లో మెస్కీట్ కర్రకి పేరెక్కువట. అదేమిటా అని చూస్తే, మన సర్కారు తుమ్మకి దగ్గరి చుట్టం!

మా చుట్టుపక్కల కోయలు, కొండరెడ్లకి ఈ బుర్రలతో పనేముంది? 2014 దాకా మా ఖమ్మం జిల్లాలోనే ఉన్న చింతూరు దాటి మారేడుమిల్లి వైపు వెళితే, పచ్చి వెదురు బొంగులో కోడి కూరి, ఆకులతో మూతి మూసి నిప్పుల మీద తిప్పుతారు. వెదురులో తడి ఉన్నంతసేపూ లోపల ముక్క మాడదు.

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు మావాడు అటకెక్కి, తుప్పుపట్టిన మా డబ్బా దించాడు. నాకు ఒళ్లు మండింది. ఏళ్ల తరబడి ఆ పొగ మింగి అత్తమ్మకి దగ్గు పట్టుకుంది, పొగ దగ్గరికి పోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. వంటింట్లో పొగ పోగొట్టడానికి హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో ఎస్.పి. రాజుగారు గొట్టం పొయ్యి తయారుచేసి, 1953లోనే దానిమీద పుస్తకం కూడా వేశారు. ఆ గొట్టం మా ఇంటిదాకా రాలేదు, గ్యాసు వచ్చింది. తీరా పొగ వదిలిందనుకుంటే, వీడు డబ్బిచ్చి కొనుక్కుంటున్నాడు!

"వద్దు" అన్నాను. అత్తమ్మ ముఖం చిన్నబోయింది. ఎన్నాళ్లకో ఆమెని వంట గురించి ఒకరు అడిగారు. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

చివరికి పెరట్లో, గాలికి ఎదురుగా దూరంగా కుర్చీ వేశాం. అక్కణ్ణించే అధికారం. "ఇది ఏం కర్ర పొట్టురా? టేకూ, వేపా, ప్లైవుడ్డూ కలిసింది గిన్నె కిందికి సరే, ముక్కకి పొగ పట్టిస్తే చేదు. అది కాలిపోనీ. నిప్పులు మిగిలినంక మామిడి పేళ్లు తడిపి వెయ్యి. కంతకి ఇటుక అడ్డం పెట్టు. సగమే!" వాడు ఇటుక జరిపాడు. తెల్లపొగ పలచబడి నీలంగా మారింది. జల్లెడ మీద కోడి పెట్టి, పైన ఇనప గమేళా బోర్లించాడు.

గాలి మారింది. నేను కుర్చీ జరపడానికి లేచాను.

"ఉండనీ అమ్మాయ్, కొంచెంసేపు" అంది అత్తమ్మ. నేను వినలేదు, జరిపాను. ఏమీ అనలేదుగాని, తల మాత్రం అటే తిప్పుకుని కూచుంది.

ముక్క నోట్లో పెట్టుకుని, ఉప్పు తక్కువైందని వంక పెట్టింది. ఇంకో ముక్క వేయించుకుంది. చెయ్యి కడుక్కుని, "ఇగ టీ పెట్టు" అంది నాతో. "గ్యాసు మీదనే."