కిందికి దిగకూడని మందు

ఇస్నాపూర్ దగ్గర ముంబయి హైవే వదిలి పాశమైలారం వైపు మళ్లితే దారికి రెండువైపులా గేట్లు, గొట్టాలు, ట్యాంకర్లు. ఇక్కడ మందంటే ఎక్కువగా డ్రమ్ముల్లో బయటికెళ్లే పొడి. నేను చూడబోయింది ఆ పొడిని చర్మంలోకి ఎలా పంపాలా అని తంటాలు పడే ఓ చిన్న ల్యాబును. పేరు రాయొద్దన్నది వాళ్ల షరతు.

లోపల పసుపు లైట్లు. “ట్రెటినాయిన్ వెలుతురుకు పాడవుతుంది సార్, తెల్ల లైటు వెయ్యం” అన్నారు అక్కడి శాస్త్రవేత్త. విటమిన్ ఎ కుటుంబానికి చెందిన ఈ మందును అమెరికా 1971లోనే మొటిమలకు అనుమతించింది. గుణం మంచిదే, కానీ మొదటి వారాల్లో ముఖం ఎర్రబడి, మండి, పొట్టు లేస్తుంది. చాలామంది ట్యూబు పక్కన పడేసేది అప్పుడే. మందు అవసరం వెంట్రుక కుదురులో, జిడ్డుగ్రంథి దగ్గర. బాధపడేది చర్మం పైపొర.

దీనికి వీళ్లు పట్టిన ఉపాయం కొవ్వు. గట్టి కొవ్వయిన గ్లిసరిల్ బెహెనేట్‌ను 80 డిగ్రీల వేడిలో కరిగించి మందును అందులో కలిపారు. కొవ్వు, నీరు కలిసేందుకు పాలిసార్బేట్ వేసిన వేడినీళ్లలో దాన్ని పోసి చిలికాక, హోమోజినైజర్ వందల బార్ల పీడనంతో సన్నని సందులోంచి నెట్టింది. చల్లారితే ఒక్కో రేణువు సుమారు 200 నానోమీటర్లు, వెంట్రుక మందంలో కొన్ని వందల వంతుల్లో ఒకటి. ఉత్త గట్టి కొవ్వయితే నిల్వలో బిగుసుకుని మందును బయటికి తోసేస్తుంది. అందుకే కాస్త ద్రవంగా ఉండే ఒలీయిక్ ఆమ్లం చేరుస్తారు. జెల్‌లో కలిపి రాస్తే ఈ రేణువులు కుదుళ్ల నోళ్లలో చేరి మందును నెమ్మదిగా వదులుతాయి.

పక్క బల్ల మీద ఫ్రాంజ్ సెల్ అనే గాజు పరికరం. నడుమ పంది చెవి చర్మం, పైన జెల్, కింద వెచ్చని ద్రవం. ఆ ద్రవాన్ని గంటగంటకూ తీసి పరీక్షిస్తారు.

“కిందికి ఎంత దిగితే అంత మంచిదా?”

“కాదు సార్, దిగితే రక్తంలోకి పోయినట్టే. చర్మంలోనే ఆగాలి.”

గర్భిణులకు ట్రెటినాయిన్ లాంటి రెటినాయిడ్లు వద్దంటారు డాక్టర్లు. ఆ జాగ్రత్త తెలిసినవాళ్లకు ఈ మాట బరువు తెలుస్తుంది.

కిందికి దిగిన మందు కథ ఈ నేలకు కొత్త కాదు. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు అప్పట్లో చేరిన దగ్గర్లోని పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకుడు లార్సన్ బృందం ప్రచురించింది. ఆ మాత్ర మింగిన మనిషి రక్తంలో కూడా అంత ఉండదు. బ్యాక్టీరియా మందులకు మొండికేయడం ఇలాంటి నీళ్లలోనూ నేర్చుకుంటుంది.

“ఈ పాత్రలు కడిగిన నీళ్లో?” అనడిగాను.

“డ్రమ్ముల్లో పట్టి శుద్ధికి పంపుతాం.”

“అందులో మందెంతో కొలుస్తారా?”

“అది మా గది పని కాదు సార్.”

చర్మం కిందికి జారిన మైక్రోగ్రామునైనా పట్టుకునే యంత్రం ఆ గదిలోనే ఉంది. అంత నిక్కచ్చి లెక్క ఫ్యాక్టరీ కాలువ దగ్గర కూడా రాసిన రోజే, మందు చేరాల్సిన చోటికే చేరిందని ఈ ప్రాంతం చెప్పుకోగలదు.