దూరపు కొంగలు నునుపు

సావనీరుకు ఏదైనా రాసివ్వమని యూనియన్ కార్యదర్శి వారం రోజులు నా గది చుట్టూ తిరిగాడు. కవిత్వం నాకు రాదు. కథ రాద్దామంటే ప్రేమ లేకుండా కథ ఎలా నడుస్తుందో తెలీదు. చివరికి విసుగెత్తి, "ఏడాదంతా ఆ కెమెరా మెడలో వేసుకుని తిరిగావుగా, దాని గురించే రాసి తగలెయ్యి" అన్నాడు. కాబట్టి మిత్రులారా, ఇది అరచేతిలో పట్టే ఒక గాజుముక్క కథ. దాని పేరు టెలీకన్వర్టర్. కెమెరాకీ లెన్సుకీ మధ్య బిగిస్తే దూరంగా ఉన్న వస్తువు ఇంకాస్త దగ్గరగా కనిపిస్తుంది. రెండింతలు చేసేదాన్ని స్టూడియోల వాళ్ళు "డబ్లర్" అంటారు.

నా ఎం.ఎస్సీ. ప్రాజెక్టు గుంటూరు పక్కనున్న ఉప్పలపాడు పక్షుల మీద. ఊరి చెరువు నీళ్ళలో చెట్లు, ఆ చెట్ల నిండా గూళ్ళు. గూడబాతులు, పెయింటెడ్ స్టార్కులు, నత్తల్ని ఒలుచుకుతినే ఓపెన్‌బిల్ కొంగలు, అన్నీ ఒకే కొమ్మల మీద కాపురం. గూటికి ఎన్ని పిల్లలు దక్కుతున్నాయో లెక్కకట్టడం నా పని. తెనాలిలో ఫోటో స్టూడియో నడిపే మా బాబాయి తన పాత డిజిటల్ కెమెరా, దానితోపాటు 70-300 జూమ్ లెన్సు ఇచ్చాడు. పెళ్ళిళ్ళలో తాళి కట్టే ఘట్టం తీసిన లెన్సు అది. పందిట్లో పదడుగుల దూరం దానికి లెక్కలోది కాదు గానీ, చెరువు దగ్గర అది చతికిలబడింది. గట్టు మీద నిలబడి 300కి లాగి తీస్తే గూట్లో ఏదో తెల్లగా కదులుతోంది తప్ప అది పిల్లో, గుడ్డో, తల్లి రెక్కో తెలీదు.

అప్పుడు నేను చేసిన పని రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఒకరోజు ఎవరూ చూడటం లేదనుకుని, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి నీళ్ళలోకి దిగాను. నాలుగడుగులు వేశానో లేదో, దగ్గర చెట్టు మీద కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. తల్లి లేని గూళ్ళ మీదికి రెండు కాకులు వాలాయి. అక్కడ ఏం జరిగిందో నాకు కనిపించలేదు. కనిపించకపోవడమే నయమనుకున్నాను. గట్టు మీద నుంచి, తువ్వాలు తలకు చుట్టుకున్న ఒక పెద్దాయన కేకేశాడు.

"ఇటు రావయ్యా బాబూ! నువ్వు దగ్గరికెళ్తే నీకు ఫోటో వస్తది. దానికి గుడ్డు పోద్ది."

ఆయన తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్ణి. తిట్టలేదు. నా చెప్పులు తీసి గట్టు మీద ఒక పక్కగా పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి బాబాయికి ఫోన్ చేశాను. "ఓస్ ఇంతేనా! డబ్లర్ తగిలించరా. మూడొందలు కాస్తా ఆరొందలు అవుతుంది" అన్నాడు. మర్నాడే ఒక దుకాణంలో సెకండ్‌హాండ్ డబ్లర్ దొరికింది. నాలుగు వేలు. నా దగ్గరున్నది మెస్ బిల్లు డబ్బు. మిరపకాయలమ్మి మా నాన్న పంపినది. అప్పు చేసి పప్పు కూడు అని సామెత. నేను పప్పు కూడు మానేసి మరీ గాజు కొన్నాను.

ఉత్సాహంగా చెరువు దగ్గరికి వెళ్ళి బిగించాను. కెమెరా కిర్రు కిర్రుమంటూ ముందుకీ వెనక్కీ వెతుక్కుంది గానీ ఎక్కడా ఆగలేదు. చేత్తో ఫోకస్ చేసి ఓ వంద ఫోటోలు తీశాను. గదికొచ్చి కంప్యూటర్లో చూస్తే కొంగ పెద్దదైన మాట నిజమే, కానీ కొంగంతా పొగమంచు. మా గదిలోవాడు చూసి, "బాగుందిరా, దూదిపింజ ఎగురుతోంది" అన్నాడు.

ఇక నాకు దిక్కు ఫిజిక్సు మాస్టారే. ఆయన నా మాటంతా విని, ఏమీ చెప్పకుండా ల్యాబుకు తీసుకెళ్ళారు. ఆప్టికల్ బెంచి మీద కొవ్వొత్తి, దాని ముందు కుంభాకార కటకం, ఆవల తెర పెట్టారు. తెర మీద చిన్న జ్వాల తళతళలాడింది. తర్వాత కటకానికీ తెరకీ మధ్య ఒక పుటాకార కటకం నిలబెట్టి, తెరను వెనక్కి జరిపారు. జ్వాల పెద్దదైంది. కానీ మసకబారింది.

"కొవ్వొత్తి పెరిగిందా?" అన్నారు.

"లేదండీ."

"లోపలికొచ్చిన వెలుగు పెరిగిందా?"

"లేదండీ."

"మరి బొమ్మ పెరిగితే ఆ వెలుగే ఎక్కువ చోటుకి పంచాలి గదా! నిడివి రెండింతలైతే విస్తీర్ణం నాలుగింతలు. నీ వెలుగు నాలుగో వంతు. ఇదే కిటుకుని టెలిస్కోపుల్లో బార్లో లెన్సంటారు, పీటర్ బార్లో అనే 19వ శతాబ్దపు ఇంగ్లీషు గణిత మాస్టారి పేరుమీద. నీ డబ్లర్ దాని మనవడు."

తర్వాత కాగితం మీద లెక్క వేశాం. నా జూమ్ 300 దగ్గర ఎఫ్ 5.6. అంటే వెలుగొచ్చే ద్వారం వెడల్పు సుమారు 54 మిల్లీమీటర్లు. డబ్లర్ పెట్టినా ఆ ద్వారం అంతే, 600 అయ్యింది మాత్రం లెన్సు. 600ని 54తో భాగిస్తే ఎఫ్ 11. రెండు స్టాపులు పోయాయి. సెకనులో వెయ్యో వంతుకి తీయగలిగే ఫోటోకి 250వ వంతు కావాలి. చేతి వణుకు చూస్తే రెండింతలు పెద్దదై కనిపిస్తోంది, తీరా షట్టర్ నాలుగింతలు నెమ్మది. పాత డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. కెమెరాల్లో చాలావాటికి ఎఫ్ 5.6 దాటితే ఆటోఫోకస్ కళ్ళు తిరుగుతాయి. కొన్నింటికి ఎఫ్ 8 దాకా, అదీ నడిమి బిందువు దగ్గరే, చూపు ఆనుతుంది. కొత్త మిర్రర్‌లెస్ కెమెరాలకి ఈ బాధ తక్కువ. మా బాబాయి కెమెరా కిర్రుమన్నది ఇందుకన్నమాట. పాపం దాని తప్పేం లేదు. పైగా కన్వర్టర్‌కి మంచీ చెడూ తెలీదు. లెన్సు గీసిన గీతనీ పెంచుతుంది, లెన్సులో ఉన్న లోపాన్నీ పెంచుతుంది.

"మరి 1.4 ఎక్స్ అయితే?" అన్నాను.

"ఒకటిన్నరకి కాస్త తక్కువ. 1.4ని 1.4తో హెచ్చవేస్తే దాదాపు 2. వెలుగు సగం, ఒక్క స్టాపు. 300 కాస్తా 420, ఎఫ్ 8. ఆశ తక్కువ, నష్టమూ తక్కువ."

ఈసారి తొందరపడలేదు. కెమెరా, లెన్సు, ట్రైపాడ్ మోసుకుని విజయవాడలో ఒక దుకాణానికి వెళ్ళాను. ఎదురుగా మందుల షాపు బోర్డు. దాన్నే ముందు ఉత్త లెన్సుతో, తర్వాత 1.4తో, ఆ తర్వాత నా డబ్లర్‌తో తీశాను. కెమెరా 24 మెగాపిక్సెల్సుది. ఉత్త ఫోటోని డబ్లర్ చూపినంత కత్తిరిస్తే 6 మెగాపిక్సెల్సు మిగులుతాయి. అక్షరాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ కత్తిరించిన ముక్కలోనూ, డబ్లర్ ఫోటోలోనూ చదవగలిగింది ఒక్కటే! నాలుగు వేలు పెట్టి నేను కొన్నది కత్తెరతో అయ్యే పని. 1.4 ఫోటోలో మాత్రం బోర్డు అడుగున ఉన్న చిన్నక్షరాలు కొంచెం విడివిడిగా తేలాయి. ఆ కొంచెమే నాక్కావలసింది.

ఇంకో సంగతి కూడా అక్కడే తెలిసింది. పెద్ద కంపెనీలు తమ ఖరీదైన లెన్సుల కోసం చేసే కన్వర్టర్లలో కొన్నింటికి ముందు గాజు ముక్కులా పొడుచుకొచ్చి ఉంటుంది. మామూలు జూములకు వెనక గాజు అంచుదాకా వచ్చి ఉంటే ఆ ముక్కు లోపలికి దూరదు. బలవంతం చేస్తే గాజుకు గాజు తగిలి రెండూ చెడతాయి. నాలాంటి వాళ్ళకి కెన్కో వంటి వేరే కంపెనీలు చేసే, ముందు భాగం చదునుగా ఉండేవే గతి. లెన్సు ముందు మరలా బిగించే చవక అతుకులు కూడా చూపించారు. వెలుగు తగ్గదన్నారు గానీ, బోర్డు మూలలకి కాటుక, అంచులకి ఇంద్రధనుస్సు వచ్చాయి. దణ్ణం పెట్టాను.

డబ్లర్ వెనక్కిస్తే రెండున్నర వేలు లెక్కగట్టారు. పైన మరో రెండు వేలు వేసి పాత 1.4 తెచ్చుకున్నాను. ఇక దాచి లాభంలేదని నాన్నకి ఫోన్ చేసి అంతా చెప్పేశాను. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత, "మెస్ డబ్బు మళ్ళీ పంపుతాలే. ముందు అన్నం తిను. ఆ కొంగల ఫోటో ఏదైనా బాగా వస్తే ఒకటి పంపు" అన్నాడు. ఆ మాటకన్నా నాలుగు తిట్లు తేలికగా ఉండేవి.

తర్వాతి ఆదివారం తెల్లవారకముందే గట్టు మీదికి చేరాను. ఎండెక్కితే నీటిమీద గాలి అలలు లేచి ఎంతటి గాజుకైనా బొమ్మ వణుకుతుంది, కాబట్టి పని పొద్దున్నే కావాలి. ట్రైపాడ్ నిలబెట్టి, తెరమీద బొమ్మ పెద్దది చేసుకుని, చేత్తో ఫోకస్ పట్టాను. ఎగిరే కొంగకి ఈ పద్ధతి పనికిరాదు. కానీ గూడు ఎక్కడికి పోతుంది? తల్లి కొంగ ముక్కు టకటకలాడించి పక్కకి జరిగింది. గూట్లో నూగుతో మెడలు లేచాయి. ఒకటి, రెండు, మూడు. తల్లి నా వైపు తలైనా తిప్పలేదు.

వెనక నుంచి ఆ పెద్దాయనే వచ్చాడు. కెమెరా తెర చూపించాను. కళ్ళు చికిలించి చూసి, వేలు తెరకి తగలకుండా గాల్లోనే లెక్కపెట్టి, "ముగ్గురున్నారే!" అన్నాడు. ఆ తర్వాత నా కాళ్ళవైపు చూశాడు. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి. నవ్వి, తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు.

ఆ ఫోటోనే నాన్నకి పంపాను. ప్రాజెక్టులో అది మొదటి పేజీ.

నేనీ ఏడు వెళ్ళిపోతున్నాను. 1.4ని మన ఫోటోగ్రఫీ క్లబ్బు బీరువాలో పెట్టి తాళం కార్యదర్శికిచ్చాను. జూనియర్లు ఎవరైనా వాడుకోవచ్చు. బిగించేముందు లెన్సు వెనక గాజు ఎంత దాకా వచ్చిందో చూసుకోండి. వెలుగు సగమవుతుందని గుర్తుంచుకోండి. ఇక చాలదనిపించినప్పుడు ఫోటో అయినా మానుకోండి గానీ, గట్టు మాత్రం దిగకండి.