నల్ల కాగితాల డిసెంబరు

1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు, శత్రు విమానాలకు వెలుగు కనబడకుండా, విశాఖపట్నంలోని మా ఇంటి కిటికీలకు నల్ల కాగితం అంటించారు. అమ్మ మైదా ఉడకబెట్టి బంక చేసింది. నాన్నగారు స్టూలెక్కి ఒక్కో అద్దానికీ పూసి అంటించారు. చీకటి పడ్డాక వీధిలోకి వెళ్ళి, ఏ మూల నుంచైనా వెలుగు కనబడుతోందేమో చూసి వచ్చేవారు. లారీల హెడ్‌లైట్లకు సగం దాకా నల్ల రంగు. వీధి దీపాల్లేవు. లాంతరు వత్తి బాగా తగ్గించి, దాని చుట్టూ కూర్చుని అన్నాలు తినేవాళ్ళం.

అమ్మమ్మకు ఇది కొత్త కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఇక్కడ బాంబులు వేసినప్పుడు పిల్లల్ని చంకనేసుకుని ఊరొదిలిన మనిషి. "పొయ్యి మీది అన్నం పొయ్యి మీదే వదిలేసి పోయామే" అనేది. అంతకు మించి చెప్పేది కాదు.

1971 నాటి వస్తువులు చాలా పోయాయి. పెద్ద రేడియో పోయింది, పోస్టాఫీసులో డబ్బు కట్టి తెచ్చుకునే దాని లైసెన్సు పుస్తకం పోయింది. కవరు మీద మామూలు స్టాంపు పక్కన అంటించే 5 పైసల శరణార్థుల సహాయం స్టాంపూ పోయింది. ఇప్పటి బంగ్లాదేశ్ అయిన తూర్పు బెంగాల్ నుంచి కోటి మంది దాకా ప్రాణాలు అరచేత పెట్టుకుని వచ్చేశారు. వాళ్ళ కోసమే ఉత్తరాల మీద ఆ పన్ను. తాతయ్యకు రాసిన కవరు మీద దాన్ని తడిపి అంటించడం నా పని. కోటి అంటే ఎంతో తెలియని వయసు.

డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక సముద్రంలో పెద్ద పేలుడు. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను ముంచడానికి వచ్చిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ గాజీ మా తీరానికి దగ్గర్లోనే మునిగిపోయింది. మన యుద్ధనౌక రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్లే అని మనవాళ్ళంటారు, దానికదే పేలిందని పాకిస్తాన్ వాళ్ళంటారు. ఎలాగైనా ఊరు బతికింది. సంబరపడ్డాం, అందులో తప్పేం లేదు. కానీ లోపల 93 మంది ఉన్నారు. ఒక్కరూ బయటికి రాలేదు.

ఇప్పుడు బీచిలో కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం ఉంది కదా. అందులో ఒకదాని మీద ఒకటి బిగించిన మంచాలు చూడండి. పక్కకు ఒత్తిగిలడానికే చోటు చాలదు. అలాంటి మంచాల మీదే కదా ఆ 93 మందీ పడుకుని ఉంటారు! వాళ్ళూ ఇంటికి ఉత్తరాలు రాసే ఉంటారు. గాజీ మునిగిన వారంలోపే, డిసెంబరు 9న, డయ్యూ దగ్గర మన యుద్ధనౌక కుక్రీని పాకిస్తాన్ వాళ్ళు ముంచారు. దాని కెప్టెన్ ముల్లాతో కలిపి 194 మంది పోయారు. 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. ఆ తర్వాత మా కిటికీల కాగితాన్ని నీళ్ళు చల్లి గీకేశాం, వెలుతురు వచ్చింది. కరాచీలోనూ కేరళలోనూ పంజాబులోనూ ఎన్ని ఇళ్ళల్లో ఆ వెలుతురు మళ్ళీ రాలేదో.

గెలిచిన యుద్ధాన్ని గుర్తుపెట్టుకోవాలి. గెలుపు ఖరీదును రెండు వైపులా కలిపి లెక్కవేయకపోతే మాత్రం అది సగం జ్ఞాపకమే. నేవీ డే విన్యాసాలు చూడటానికి బీచికి వెళ్ళేవాళ్ళు పిల్లలకు విక్రాంత్ కథతో పాటు 93, 194 అనే ఈ రెండు సంఖ్యలూ చెప్పండి. ఇంకో యుద్ధం కావాలని కేకలేసేవాళ్ళు ఎదురైతే వాళ్ళకీ చెప్పండి.