రెండవ ప్రతి

అక్షరం నాశనం లేనిదని పెద్దలంటారు. కాని అక్షరాన్ని మోసే ఆధారానికి నాశనం తప్పదు. తాటియాకు పురుగుకూ చెమ్మకూ లొంగిపోతుంది. కాగితం పెళుసుబారి ముక్కలవుతుంది. నేటివారు తమ రాతలను, పాటలను, ఛాయాచిత్రాలను దాచుకొనే హార్డ్ డిస్కు కూడా ఇందుకు మినహాయింపు కాదు.

హైదరాబాదు నుండి నర్సాపూర్ వెళ్లే రహదారిని మేడ్చల్ దారి కలిసే కూడలి గండిమైసమ్మ. చుట్టూ ఇంజనీరింగ్ కళాశాలలు వెలసిన ఆ ప్రాంతంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుని ఇంట 2009లో కొన్న కంప్యూటర్ ఉంది. తన తల్లి పాడిన బతుకమ్మ పాటలను, నాట్ల పాటలను ఆయన అందులో భద్రపరచుకొన్నారు. ఆ తల్లి ఇప్పుడు లేదు. ఆ పాటలకు మరో ప్రతీ లేదు. కొన్నాళ్లుగా ఆ యంత్రం సిద్ధం కావడానికే పావుగంట పడుతున్నది. పాటలు నడుమ ఆగిపోతున్నాయి. పెట్టెలో నుండి టిక్కు టిక్కుమనే చప్పుడు వినవస్తున్నది.

“పాతబడ్డది తాతా, కొత్తది కొందాం” అన్నాడు ఇంజనీరింగ్ చదివే మనుమడు.

“కంప్యూటర్ కొత్తది దొరుకుతది బిడ్డా, మా అమ్మ గొంతు యాడ దొరుకుతది?” అన్నారాయన.

మనుమడు మారు పలుకక పరీక్షకు పూనుకొన్నాడు.

వైద్యుడు నాడి చూసినట్లే యంత్రానికి కూడా లక్షణాలను బట్టి రోగనిర్ణయం చేయాలి. మందగించిన ప్రతి కంప్యూటర్‌లోనూ డిస్కు చెడిపోయిందనుకోరాదు. ర్యామ్ చాలకపోయినా, వైరస్ చేరినా, దుమ్ము పేరుకొని వేడెక్కినా వేగం తగ్గుతుంది. తేదీ, సమయం తరచుగా తప్పుతుంటే మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయి ఉండవచ్చు. డిస్కు ఒకసారి కనిపించి మరొకసారి మాయమైతే ముందుగా కేబుల్‌ను అనుమానించాలి. మనుమడు విద్యుత్తు ఆపి కేబుల్ మార్చి చూశాడు. చప్పుడు పోలేదు.

డిస్కు తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకొంటుంది. ఆ పట్టిక పేరు ‘స్మార్ట్’. ఎన్ని చెడిన భాగాలకు బదులు విడి భాగాలు వాడవలసి వచ్చిందో, ఇంకా ఎన్ని భాగాలు చదవడానికి మొరాయిస్తున్నాయో అందులో ఉంటుంది. ఆ రెండు అంకెలూ పెరుగుతూ పోవడం అపాయసూచకం. గంట వ్యవధిలో రెండుమార్లు చూడగా రెండవసారి అంకె పెరిగింది. రోగం తేలిపోయింది.

డిస్కు లోపల అద్దంలా నునుపైన పళ్లేలు నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతాయి. చదివే హెడ్ వాటిని తాకదు. పొగ రేణువు కన్నా సన్నని ఎడంలో గాలిపై తేలుతుంది. అది తన చోటు దొరకక పదేపదే వెనుదిరిగినప్పుడే ఆ టిక్కుమనే చప్పుడు పుడుతుంది. అందువల్ల డిస్కును ఇంట్లో విప్పరాదు. ఒక్క దుమ్ము కణం చాలు, పళ్లెం గీరుకుపోవడానికి. మరమ్మతు చేసే ప్రోగ్రాములనూ ముందుగా నడపరాదు. ప్రాణం కడబట్టిన వానిచేత పరుగు పెట్టించినట్లవుతుంది. మొదట చేయవలసింది ప్రతి తీయడం.

మనుమడు డిస్కును మరో కంప్యూటర్‌కు తగిలించి, దానిపై కొత్తగా ఏమీ రాయకుండా, తొలుత పాటలను, పిదప ఉత్తరాలను, చివరకు చిత్రాలను బయటికి తీశాడు. రెండు పాటలు మాత్రం రాలేదు. తాతగారు వాటి చరణాలను గుర్తు తెచ్చుకొని కాగితంపై రాశారు. మాట మిగిలింది, గొంతు మిగలలేదు.

ఇది కొత్త పాఠమేమీ కాదు. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ కడపలో పండితులను నియమించి, శిథిలమవుతున్న తాళపత్ర గ్రంథాలకు కాగితంపై ప్రతులు రాయించాడు. మన ప్రాచీన కావ్యాలు తాటాకు గట్టిదనం వల్ల నిలవలేదు. ప్రతి వెంట ప్రతి రాసిన లేఖకుల ఓపిక వల్ల నిలిచాయి. 1956లో ఐ.బి.ఎం. సంస్థ తెచ్చిన తొలి హార్డ్ డిస్కు యంత్రంలో 50 పళ్లేలు కలిసి దాచింది సుమారు 50 లక్షల అక్షరాలే. నేడు గోరంత ముక్కలో అంతకు వేల రెట్లు ఇముడుతున్నది. దాచే శక్తి ఎంత పెరిగినా ప్రతి తీయవలసిన అవసరం తగ్గలేదు.

పైగా ఇప్పటి ఎస్.ఎస్.డి.లలో తిరిగే పళ్లేలు లేవు. చెడిపోయే ముందు టిక్కుమని హెచ్చరించే చప్పుడూ ఉండదు. ఒక్కచోటే ఉన్న వస్తువు సగం పోయినట్లే లెక్క. ఆత్మీయమైన ప్రతిదానికీ రెండవ ప్రతిని, మరొక చోట, ఆరోగ్యంగా ఉన్నప్పుడే సిద్ధం చేసుకోవడం వివేకుల లక్షణం.