కంచరగాడిద నేర్పిన నడక

ఉద్యోగరీత్యా సొంత ఊరు విడిచి దూరప్రాంతానికి వెళ్ళిన వారికి ఆ ప్రాంతం రెండు విధాలుగా పరిచయమవుతుంది. పని ద్వారా కలిగే పరిచయం ఒకటి, ఆటవిడుపు ద్వారా కలిగేది రెండవది. మొదటిది జీతాన్ని ఇస్తుంది. రెండవది పదవీ విరమణ తరువాత కూడా నెమరు వేసుకొనే జ్ఞాపకాలను ఇస్తుంది. బస్తరులో నేను గడిపిన సంవత్సరాలలో ఈ రెండవ పరిచయం చాలావరకు ఒక కంచరగాడిద వెంట నడిచి, అప్పుడప్పుడు దాని వీపు మీద కూర్చుని సంపాదించుకున్నానంటే పాఠకమిత్రులు నవ్వవచ్చు. నవ్వినా ఫరవాలేదు. ఆనాడు మా కాలనీ అంతా నవ్వింది.

అది 1980వ దశకం చివరి మాట. అప్పటికి బస్తరు మధ్యప్రదేశ్‌లో ఒకే పెద్ద జిల్లా. దంతెవాడ 1998లో వేరు జిల్లా అయింది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం 2000 నవంబరు 1న ఏర్పడింది. విశాఖపట్నంలో కిరండూల్ పాసింజరు ఎక్కితే అనంతగిరి సొరంగాలు, అరకు లోయ, కోరాపుట్, జగదల్‌పూర్ దాటుకొని రైలు చివరకు బైలదిల్లా కొండల పాదం వద్ద ఆగుతుంది. కొండ శిఖరం ఎద్దు మూపురంలా కనిపిస్తుంది కనుక ఆ పేరు వచ్చింది. 1934-35లో క్రూక్‌షాంక్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ కొండలను సర్వే చేసి, ఇనుప ఖనిజ నిక్షేపాలకు 1 నుంచి 14 వరకు సంఖ్యలు వేశాడు. 1968లో 14వ నిక్షేపం నుంచి ఉత్పత్తి మొదలై, విశాఖ రేవు మీదుగా జపానుకు ఖనిజం వెళ్ళింది. ఈ చరిత్ర మన కుటుంబాలలో చాలామందికి తెలిసినదే.

నేను పనిచేసే రోజులలో కొండవాలున ఒక నీటి ట్యాంకు నిర్మించవలసి వచ్చింది. అక్కడికి జీపు కూడా వెళ్ళే దారి లేదు. గుత్తేదారు ఉత్తరాది నుంచి పన్నెండు కంచరగాడిదలను, వాటిని తోలే నలుగురు మనుషులను రప్పించాడు. ఒక్కొక్క జంతువు సుమారు 70 కిలోల ఇసుకనో సిమెంటునో మోసుకొని, వరుస తప్పకుండా కొండ ఎక్కేది. ఆ నలుగురిలో పెద్దాయనను మేమందరం చాచా అని పిలిచేవాళ్ళం. ఆయన మమ్మల్ని బాబూజీ అనేవాడు.

మగ గాడిదకు, ఆడ గుర్రానికి పుట్టేది కంచరగాడిద. గుర్రానికి 64, గాడిదకు 62 క్రోమోజోములు ఉంటే, దీనికి 63 ఉంటాయి. ఈ బేసి సంఖ్య వలననే సాధారణంగా దీనికి సంతానం కలగదు. తల్లి నుంచి బలం, తండ్రి నుంచి ఓర్పు, కాలు జారని నడక దీనికి సంక్రమిస్తాయి. మొండితనం కూడా తండ్రి నుంచే వచ్చిందని లోకం అంటుంది. చాచా మాత్రం ఆ మాట ఒప్పుకొనేవాడు కాదు. “గుర్రం భయపడితే పరుగెత్తుతుంది బాబూజీ. ఇది భయపడితే ఆగి ఆలోచిస్తుంది. ఆలోచించేవాడిని మనవాళ్ళు మొండివాడంటారు” అనేవాడు.

ఆ ఏడాది గణతంత్ర దినోత్సవం నాడు జెండా వందనం, పిల్లల ఆటల పోటీలు ముగిసిన తరువాత పెద్దలకు కూడా ఒక సరదా పందెం పెట్టాలని కొందరు మిత్రులు తలపెట్టారు. చాచా ఒప్పుకొన్నాడు గానీ రెండు షరతులు పెట్టాడు. ఎవరి చేతిలోనూ కర్ర ఉండకూడదు. ఎవరూ మడమలతో పొడవకూడదు. పోటీదారులము ఆరుగురము: స్టోర్సు గుమాస్తా, పాఠశాల డ్రాయింగు మాస్టారు, ఆసుపత్రి కాంపౌండరు, గనిలో ఇద్దరు మేట్లు, నేను. జెండా స్తంభం నుంచి బయలుదేరి, మైదానం చివర బోర్లించిన డ్రమ్మును చుట్టి తిరిగి రావాలి. అంతా కలిపి రెండు వందల గజాలు ఉండదు.

ఈల మోగింది. ఆరింటిలో రెండు కదలనే లేదు. మేట్లిద్దరూ ఎంత బతిమాలినా అవి చెవులు వెనక్కి వాల్చి ప్రేక్షకులను చూస్తూ నిలబడ్డాయి. కాంపౌండరు గారి వాహనం మాత్రం మహా వేగంగా బయలుదేరి, డ్రమ్మును పట్టించుకోకుండా నేరుగా తన దాణా గోలెం దగ్గరకు పోయి నిలిచింది. మైకు పట్టుకున్న ఆఫీసరు గారి శ్రీమతి “కాంపౌండరు గారు భోజన పందెంలో ప్రథములు” అని ప్రకటించేసరికి మైదానం దద్దరిల్లింది. స్టోర్సు గుమాస్తాది డ్రమ్ము వరకు వెళ్ళి, అక్కడి గడ్డి నచ్చి ఆగిపోయింది. నాకు దక్కిన రాణి అనే జంతువు పరుగెత్తలేదు, ఆగలేదు. ట్యాంకుకు ఇసుక మోసినంత శ్రద్ధగా నడిచి వెళ్ళి, నడిచి వచ్చింది. డ్రాయింగు మాస్టారు మొదట వచ్చారు, నేను రెండవవాడిని. నా బహుమతి ఒక స్టీలు గ్లాసు. అది ఇప్పటికీ మా ఇంట్లో ఉన్నది.

ఆనాటి నుంచి రాణికీ నాకూ స్నేహం కుదిరింది. సెలవు రోజులలో కాలనీ బస్సులో మా కుటుంబాలు చిత్రకోట జలపాతానికి వెళ్ళేవి. దాదాపు 30 మీటర్ల ఎత్తు నుంచి ఇంద్రావతి నది ఒక్కసారిగా దూకే దృశ్యం వానాకాలంలో చూచి తీరవలసినది. తీరథ్‌గఢ్ జలపాతం, కాంగేర్ లోయలోని కుటుంసర్ గుహ, బార్సూరులోని జంట వినాయక విగ్రహాలు, శంఖిని డంకిని నదుల సంగమం వద్ద దంతేశ్వరి అమ్మవారి ఆలయం, ఇవన్నీ బస్సు ప్రయాణాలు. బస్సు వెళ్ళని దారులలో మాత్రం చాచా, రాణి మాకు తోడు. మా భోజనపు గిన్నెలు దాని మీద కట్టి, నాలుగైదు మైళ్ళు నడిచి అడవిలోని సంతకు వెళ్ళేవాళ్ళం. ఇప్పపూలు, చింతపండు, సారపప్పు, ఆకు దొన్నెలలో ఎర్రచీమల పచ్చడి, పక్కనే కోడిపందేలు. సారపప్పుకు ఉప్పు మారకం వేసి తీసుకొనే వర్తకులను కూడా అక్కడే చూచాను. ఏది విలువైనదో తెలిసి కూడా అలా కొలిచేవారిని చూస్తే మనసుకు కష్టంగా ఉండేది.

అదే సంవత్సరం అక్టోబరులో ఒక ఆదివారం అలాంటి సంత నుంచి తిరిగి వస్తున్నాము. దారిలో ఒక పల్లె చివర గుడిసె ముందు ఒక తల్లి నాలుగైదేళ్ళ పిల్లవాడిని ఒడిలో పెట్టుకొని కూర్చున్నది. ఒళ్ళు కాలిపోతున్నది, మధ్యమధ్య ఫిట్సు వస్తున్నాయి. మాకు గోండి రాదు. సంత నుంచి మాతో వస్తున్న ఒక కుర్రవాడు ఆమెతో మాట్లాడి, పిల్లవాడికి మూడు రోజులుగా చలిజ్వరమని చెప్పాడు. ఆసుపత్రికి తీసుకొనిపోదామంటే ఆమె కొంతసేపు మా ముఖాలు చూచి, తల ఊపింది. వాహనాల రోడ్డు ఇంకా మూడు మైళ్ళు ఉన్నది. పొద్దు వాలుతున్నది. చాచా గిన్నెలన్నీ దించివేసి, “ఎక్కండి బాబూజీ, మీకు దీని మీద కూర్చోవడం వచ్చు” అన్నాడు. పందెంలో నేర్చినది అంతే: కళ్ళెం లాగకుండా, ఒళ్ళు బిగించకుండా, దాని నడకతో పాటు ఊగుతూ కూర్చోవడం. పిల్లవాడిని నా ఛాతీకి ఆనించి తువ్వాలుతో కట్టారు. తల్లి నా మోకాలి పక్కనే, ఒక చేయి బిడ్డ కాలి మీద ఉంచి నడిచింది.

చీకటి పడుతుండగా వాగు వచ్చింది. పొద్దున మేము దాటిన రేవు అదే. రాణి నీళ్ళ అంచున ఆగిపోయింది. నా చేతులలో బిడ్డ ఊపిరి వేగంగా కొట్టుకుంటున్నది. ప్రతి నిమిషమూ ఒక గంటలాగా ఉన్నది. చాచా తొందరపడలేదు. టార్చిలైటు వేసి చూస్తే, పైన ఎక్కడో కురిసిన వానకు అవతలి గట్టు నిలువునా కోసుకుపోయి, రేవులో గుండం పడింది. ఆయన తాడు వదిలేశాడు. రాణి ముక్కు నేలకు ఆనించి వాసన చూస్తూ, ఎగువకు యాభై గజాలు నడిచి, రాళ్ళు తేలిన చోట ఒక్కొక్క కాలే ఆనించి చూచుకుంటూ దాటింది. బిడ్డ మీద నీటి చుక్క పడలేదు.

రాత్రి ఎనిమిది గంటలకు ఆసుపత్రి చేరాము. డ్యూటీలో ఉన్నది ఆ కాంపౌండరు గారే. రక్తపరీక్షలో మెదడుకు సోకే రకం మలేరియా అని తేలింది. క్వినైను ఎక్కించారు. మూడవ రోజున పిల్లవాడు కళ్ళు తెరిచి తిండి అడిగాడు. ఆ మూడు రోజులూ తల్లి వరండా విడిచి కదలలేదు, ఏమి పెట్టినా ముట్టలేదు. చివరకు మా ఆవిడ రాగి అంబలి కాచి తీసుకొనిపోయింది. బస్తరులో దానిని మండియా పేజ్ అంటారు. ఒకరి భాష ఒకరికి రాదు గానీ అంబలి ఇద్దరికీ తెలిసినదే. ఆమె రెండు గిన్నెలు తాగింది. నెల రోజుల తరువాత అదే పిల్లవాడిని నడిపించుకొని వచ్చి, ఆకు పొట్లంలో సారపప్పు మా గుమ్మంలో పెట్టి వెళ్ళింది. సంతలో దానికి ఏపాటి ఉప్పు వచ్చేదో తెలిసిన మాకు ఆ పొట్లం విప్పడానికి చాలా రోజులు చేతులు రాలేదు.

మరుసటి ఏడాది ట్యాంకు పూర్తయింది. చాచా తన జంతువులతో లారీ ఎక్కి వెళ్ళిపోయాడు. తరువాతి దశాబ్దాలలో ఆ ప్రాంతం చవిచూచిన హింస వలన, ఆ అడవి దారులలో మాలాగా స్వేచ్ఛగా తిరిగే భాగ్యం చాలాకాలం ఎవరికీ లేకపోయింది. మలేరియాపై పోరు మాత్రం ఆగలేదు. 2020లో అక్కడ ఇంటింటికీ వెళ్ళి రక్తపరీక్షలు చేసే ఉద్యమం మొదలైంది. కంచరగాడిదల సంఖ్య తగ్గిపోయింది. 2012 పశుగణనలో దేశం మొత్తం మీద సుమారు 1 లక్షా 96 వేలు ఉంటే, 2019 నాటికి 84 వేలే మిగిలాయి. రోడ్లు పడిన కొద్దీ వాటి అవసరం తగ్గడం సహజమే. ఆ రోడ్లు ఆ తల్లి గుడిసె వంటి ప్రతి గుడిసె దాకా చేరితే అంతకన్నా కావలసినది లేదు.

ఇప్పుడు కొత్తగా ఉద్యోగాలలో చేరే యువమిత్రులకు నాదొక మనవి. మీరు ఏ మారుమూలకు వెళ్ళినా పనితో పాటు ఆ చోటి సంతకు, వాగుకు, నడిచే దారికి కూడా కొంత సమయం కేటాయించండి. అక్కడ సరదాకు నేర్చిన విద్య ఎప్పుడు ఎవరికి అక్కరకు వస్తుందో చెప్పలేము. తెలియని నేల మీద ముందు కాలు ఆనించి చూచి, ఆ తరువాతనే బరువు మోపండి.